బోర్డు చూసి తెలుసుకున్నాం

ఆరంతస్తుల ఆ కార్యాలయానికి లిఫ్టు ఒక్కటే. కటకటాల తలుపు, అరిగి మెరిసే ఇత్తడి పిడి, మూలన ఒక చెక్క స్టూలు. పదకొండేళ్ళుగా ఆ స్టూలు మీద కూర్చుంటున్నావిడకు హాజరు పట్టీలో ఒక పేరుంది గానీ దాన్ని పలికేవాళ్ళెవరూ లేరు. ఆమె అందరికీ లిఫ్టక్క. తనకంటే ఇరవయ్యేళ్ళు పెద్దవాళ్ళక్కూడా అక్కే.

ఆమెకు కోపం ఎక్కువ. అందరికీ ముక్కు మీదుండే కోపం ఆమెకు అక్కడ చోటు చాలక కనుబొమల దాకా పాకి ఉండేది. లిఫ్టుకి రాకముందు ఆరేళ్ళు మూడో అంతస్తులో గదిగదికీ మంచినీళ్ళు అందించే పని చేసింది. పాత లిఫ్టు మనిషి రిటైరైనప్పుడు, "రోజంతా ఆ డబ్బాలో ఎవడు కూర్చుంటాడు?" అని అటెండర్లందరూ మొహాలు తిప్పుకున్నారు. "కూర్చునే ఉద్యోగం ఇస్తామంటే వద్దనడానికి నాకేం పిచ్చా?" అని ఈమె ఎక్కి కూర్చుంది.

మొదటి వారంలోనే ఆమెకొక సంగతి తెలిసొచ్చింది. ఆ డబ్బా మనుషులతోపాటు, వాళ్ళు ఇంకెక్కడా అడగలేని మాటల్ని కూడా మోస్తుంది. కింది నుంచి ఆరో అంతస్తు చేరడానికి నిమిషంన్నర. ఆ నిమిషంన్నరా ఏ అధికారీ కళ్ళెర్రజేయడు, వెనక వరుసలోవాడు "తొందరగా కానివ్వండి" అనడు. "విచారణ" అని రాసిన కిటికీ ఒకటి కింద ఉండేది గానీ, అందులోని గుమాస్తా బదిలీ అయ్యాక అక్కడ దుమ్ము కూర్చుంటోంది.

ఎవరు ఎలా అడుగుతారో ఆమెకు కంఠతా వచ్చు. హమాలీలు గుంపుగా రారు. పద్దెనిమిది మందికీ కలిపి వాళ్ళ మేస్త్రీ ఒక్కడొస్తాడు, ఒక్క ప్రశ్న అడుగుతాడు. ఆ జవాబు మధ్యాహ్నం భోజనాల వేళకల్లా సరుకుల షెడ్డంతా చేరుతుంది. అతనికి చెప్పేముందు లిఫ్టక్క రెండుసార్లు ఆలోచించేది. ఒక్క మాట తప్పితే పద్దెనిమిది మంది పని మానుకుని తప్పు రోజున వచ్చి నిలబడతారు.

ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు ఇద్దరిద్దరుగా వస్తారు. ఎప్పుడూ పక్కింటావిడ కోసమే అడుగుతారు. "మా పక్కింటావిడని మొగుడు వదిలేసి పోయాడక్కా. తండ్రి సంతకం లేకుండా పిల్లాడి పుట్టిన కాగితం ఇస్తారా అని..." ఆ మాట సరిగ్గా వాళ్ళు దిగాల్సిన అంతస్తు వచ్చి తలుపు తీయబోతుంటే బయటికొస్తుంది. అందుకని ఆమె రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ నడుమ పిడి వెనక్కి లాగి లిఫ్టు ఆపడం నేర్చుకుంది. "పాతది కదా, అప్పుడప్పుడూ ఆయాసపడుతుంది" అనేది గోడకేసి చూస్తూ. ఆ లిఫ్టుకి ఆయాసం వచ్చిందంటే లోపల ఎవరికో ప్రాణం కుదుటపడుతోందన్నమాట.

కాలేజీ పిల్లలు అంతా ఫోనులో చూసుకునే వస్తారు. "ఇందులో ఇలా ఉందక్కా, నిజమేనా?" అంటారు. రిటైరైన పెద్దలు ఏమీ అడగరు, తమకు తెలిసింది మనకి చెబుతారు. ఆ చెప్పడంలో ఎక్కడో ఒకచోట తెలియనిది తొర్రిపన్నులా కనబడుతుంది. "మీరన్నట్టేనండీ, కాకపోతే ఈమధ్య రెండు ఫొటోలు కూడా అడుగుతున్నారట" అని, చెప్పినట్టు కాకుండా చెప్పాలి. చెవులు వినబడని దర్జీ దంపతులు కాగితం చూపిస్తారు. ఆమె వేళ్ళెత్తి అంతస్తు చూపించి, మణికట్టు మీద తట్టి వేళ చెబుతుంది.

ఇదంతా ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఇందుకు ఎవరూ మెచ్చుకోనూ లేదు. మెచ్చుకోకపోతే పోయె, మెమో ఇచ్చారు.

మూడేళ్ళ కిందటి మాట. "ఐదో అంతస్తుకి ఇవాళ వెళ్ళకమ్మా, అక్కడి ఆఫీసరు ఊళ్ళో లేడు" అని ఎవరికో చెప్పింది. ఆయన ఊళ్ళో లేని మాట నిజం. హాజరు పట్టీలో ఆయన సంతకం ఉన్న మాట కూడా నిజం. లిఫ్టులో ఆమె వెనకాలే సూపరింటెండెంటు నిలబడి ఉన్నాడు. సాయంత్రం ఆమెను గదికి పిలిపించి కాగితం చేతిలో పెట్టాడు: విధి నిర్వహణలో ఉండి ప్రజలతో సంభాషణ, అధికారుల రాకపోకల వెల్లడి. "ఇంకొక్కసారి జరిగిందో, ఈ ఉద్యోగం మర్చిపో" అని నోటితో కూడా చెప్పాడు. ఆ వేళకు మేస్త్రీ అదే గదిలో బీరువా జరుపుతున్నాడు. అంటే పద్దెనిమిది మందీ విన్నట్టే. వాళ్ళు వింటే ఊరు విన్నట్టే.

మర్నాడు లిఫ్టులో బోర్డు వెలిసింది: "లిఫ్టు నడిపేవారితో మాట్లాడరాదు." చదవడం రానివాళ్ళకు వచ్చినవాళ్ళు చదివి వినిపించారు. అప్పటినుంచి జనం ఆ బోర్డుకేసి చూస్తూ పెదాలు కదపకుండా అడగడం అలవాటు చేసుకున్నారు.

ఇలా ఉండగా ఒక సోమవారం కళ్ళద్దాల పిల్ల ఒకతి లిఫ్టెక్కింది. భుజాన బరువు సంచి, చేతిలో అట్ట.

"అమ్మా, సూపరింటెండెంటుగారి గది ఏ అంతస్తండీ?"

"నాలుగు. పదకొండు దాటనివ్వు. ముందెళితే కరుస్తాడు."

"అనుమతి కాగితం మీద ముద్ర కూడా ఆయనే వేస్తారా?"

"రెండో అంతస్తులో వేస్తారు. ముందు అది వేయించుకో. లేకపోతే నాలుగు నుంచి మళ్ళీ దింపుతాడు."

పిల్ల కాస్త తటపటాయించి గొంతు తగ్గించింది. "ఆడవాళ్ళ బాత్రూము..."

"ఐదులో. నాలుగులోదానికి తాళం. ఆ తాళంచెవి సూపరింటెండెంటు సొరుగులో ఉంటుంది. అడగడానికి నీకు సిగ్గు, ఇవ్వడానికి ఆయనకి బరువు. ఐదుకే వెళ్ళు."

"భలే చెబుతారండీ మీరు!" అని నవ్విందా పిల్ల. తాను విశ్వవిద్యాలయం నుంచి వచ్చానంది. ఏయే రకాల జనం తమకు కావలసిన సమాచారాన్ని ఎలా వెతుక్కుంటారో, దాన్ని ఎలా వాడుకుంటారో పరిశోధన చేస్తున్నారట. ఈ కార్యాలయానికి వచ్చేవాళ్ళలో రెండువందల నలభై మందిని అడుగుతారట.

లిఫ్టక్క గుండె ఒక్కసారి ఎగిరింది. పదకొండేళ్ళుగా తాను చూస్తున్నదాని కోసం ఒకరు పనిగట్టుకుని వచ్చారు! "అయితే కూర్చో, చెబుతాను. ముందు హమాలీల సంగతి రాసుకో..."

"అయ్యో, మీరు సిబ్బంది కదండీ. మా జాబితాలో ప్రజలే ఉన్నారు."

"నేను ప్రజల్ని కానా?"

పిల్ల ఆలోచించింది. "అంటే... డ్యూటీలో ఉన్నంతసేపు కాదండీ."

లిఫ్టక్క పిడి లాగిన లాగుడుకు లిఫ్టు ఒక జానెడు ఎగిరిపడింది.

నాలుగో అంతస్తులో, సరిగ్గా సూపరింటెండెంటు గది గుమ్మానికి ఎదురుగా బల్ల వేశారు. వెలుతురు అక్కడే బాగుందట. ఆయన తలుపు తెరుచుకునే కూర్చునేవాడు. నెలరోజులు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఆ పిల్ల అడిగింది, తానే గడుల్లో గుర్తులు పెట్టింది, అడుగున వాళ్ళచేత సంతకమో వేలిముద్రో వేయించుకుంది. అడిగించుకుని కిందికి దిగేటప్పుడు జనం తేలుకుట్టిన దొంగల్లా లిఫ్టక్క మొహం చూడకుండా నిలబడేవాళ్ళు. ఎందుకో ఆమెకు అంతుపట్టలేదు.

రెండు నెలలకు అంతుపట్టింది. సూపరింటెండెంటు పిలిచి ఉత్తరువు చేతికిచ్చాడు. పరిశోధన తేల్చినదేమంటే, రెండువందల నలభై మందిలో రెండువందల తొమ్మిది మంది నోటీసు బోర్డు చదివే సంగతులు తెలుసుకుంటున్నారు. ప్రజలకు బోర్డుల మీద ఇంత గురి ఉంది గనక అంతస్తుకొక వెలుగుల బోర్డు పెడతారు. లిఫ్టుకి బొత్తాలు బిగిస్తారు. స్టూలు తీసేస్తారు. ఒకటో తేదీ నుంచి లిఫ్టక్క సెల్లార్‌లోని రికార్డు గదికి.

"నీకూ మేలేనమ్మా," అన్నాడాయన. "నీడపట్టున ఉంటావు."

"ఇప్పుడు నన్ను ఎండలో ఆరేశారా సారూ?"

"చూశావా, ఈ నోరే." ఆయన నవ్వాడు. "జనం నిన్ను ఏదో అడుగుతారని నువ్వనుకుంటున్నావు. ఒక్కరంటే ఒక్కరు నీ ఊసెత్తలేదు. చదువుకో, ఇరవై రెండో పేజీ."

ఆమె చదివింది. బోర్డు, ఫోను, పత్రిక, టీవీ, రేడియో, విచారణ కిటికీ. చివరి గడి "ఇతరులు". దానికెదురుగా సున్నా. అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇంటికెళ్ళి గిన్నెలు ఎత్తెత్తి పెడుతుంటే అత్త గదిలోంచి కేకేసింది. మొగుడు బస్సు డ్రైవరు, ఇంట్లో కంటే దారిలోనే ఎక్కువ కనబడే మనిషి. ఇంట్లో మిగిలేది అత్తాకోడళ్ళే.

"ఆ గిన్నెలేం పాపం చేశాయే? నన్ను కొట్టలేక వాటిని కొడుతున్నావా?"

కోడలు జరిగింది చెప్పింది. పెద్దావిడ మంచం మీద లేచి కూర్చుని తాపీగా విన్నది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? స్టూలు పోతే కుర్చీ ఇస్తారు. జీతం అదేగా."

"జీతం సంగతి కాదత్తా! పదకొండేళ్ళు చెప్పాను. మెమో తిని కూడా చెప్పాను."

"చెప్పావు సరే. అంతమందిలో ఒక్కరికీ నువ్వు గుర్తు రాలేదంటే, నువ్వు చెప్పినవి వాళ్ళకి అక్కరకు రాలేదేమోనే."

పెద్దావిడ ఎకసెక్కానికే అంది. కోడలికది అరికాల్లో ముల్లై విరిగింది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. స్టూలు మీద బెంగ లేదు. ఆ సున్నాయే కళ్ళముందు గుడ్లురుముతోంది.

పొద్దున్నే మేస్త్రీ ఎక్కాడు. రెండుకీ మూడుకీ నడుమ లిఫ్టుకి ఆయాసం వచ్చింది.

"ఆ పిల్ల అడిగినప్పుడు నువ్వేం చెప్పావు?"

మేస్త్రీ తలపాగా సర్దుకున్నాడు. "బోర్డు చూసి తెలుసుకున్నానని చెప్పానక్కా."

"నీకు అక్షరమ్ముక్క రాదు కదయ్యా!"

"రాకపోతే చూడకూడదా? చూస్తే తప్పేముంది?"

"నీ పద్దెనిమిది మందీ?"

"వాళ్ళూ బోర్డే అన్నారు. నేనే చెప్పించాను." గొంతు తగ్గించాడు. "ఎదురుగా ఆయన తలుపు బార్లా తెరుచుకుని కూర్చున్నాడు. నీ పేరు చెబితే మళ్ళీ కాగితమిచ్చి ఉద్యోగం పీకడూ? ఆవేళ బీరువా జరుపుతూ నేను విన్నానుగా. అందుకే షెడ్డులో చెప్పాను, ఇళ్ళల్లో చేసే ఆడవాళ్ళకి చెప్పాను, ఆ చెవిటి దర్జీకి కూడా చేతులూపి చెప్పాను. ఎవరడిగినా బోర్డే అనండి, అక్క ఊసెత్తారో ఊరుకోనని. ఒక్కడు నోరు జారలేదక్కా!" గొప్పగా ఛాతీ విరుచుకున్నాడు.

లిఫ్టక్కకు ఏడుపొచ్చింది, అంతకు రెట్టింపు కోపమొచ్చింది. "కాపాడారయ్యా! చక్కగా కాపాడి గోతిలో పెట్టారు! నేను చెబుతున్నానని చెప్పడానికి భయపడితిరి, ఇప్పుడు చెప్పడానికే లేకుండా పోతున్నాను. దిగు!"

"ఇక్కడెక్కడ దిగను, గోడుంది!"

అప్పుడుగానీ తలుపు అవతల ఇటుకలున్న సంగతి ఆమెకు గుర్తు రాలేదు.

నెలాఖరున కళ్ళద్దాల పిల్ల మళ్ళీ వచ్చింది. చేతుల్లో తాడు కట్టిన అట్టపెట్టె. నింపిన కాగితాలన్నీ కార్యాలయానికి అప్పగించాలట. ఇంకెవరూ ఎక్కకముందే లిఫ్టక్క తలుపు లాగేసింది. లిఫ్టు రెండు దాటింది, ఆగింది.

"ఆ తాడు విప్పు."

"అమ్మా, ఇవి..."

"విప్పుతావా, నేను తెంపనా?"

పిల్ల విప్పింది. లిఫ్టక్క పైకాగితం తీసి దాని కళ్ళద్దాల ముందు పెట్టింది. "ఇదేమిటి?"

"అంగీకారం తెలిపే చోటండీ. సంతకం గానీ వేలిముద్ర గానీ..."

"ఇక్కడేముంది?"

"వేలిముద్ర."

"పైన ఏం గుర్తు పెట్టావు?"

"నోటీసు బోర్డు చదివి..." పిల్ల నోరు సగంలో ఆగింది. కళ్ళద్దాలు తీసింది, తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది.

"సంతకం పెట్టలేని మనిషి బోర్డు చదివాడని నీ చేత్తోనే రాశావు. నీ ముందే వేలు వేశాడు. నీ చదువు నీ కళ్ళకి ఎప్పుడు చెబుతుంది? కూర్చో. వేలిముద్రలున్నవి ఇటు, సంతకాలున్నవి అటు."

ఇద్దరూ లిఫ్టు నేల మీద కూర్చున్నారు. పైనుంచి గంట మోగింది, కింద నుంచి గంట మోగింది. మూడో అంతస్తులో ఎవరో కటకటాలు బాదుతున్నారు. "లిఫ్టేమైంది?" అని కేక. "ఆయాసం!" అని లిఫ్టక్క తిరుగు కేక. కాగితాలు మాత్రం ఆగలేదు. మధ్యలో దర్జీ కాగితం తగిలింది. ఆయన బోర్డుతోపాటు ఫోనులో కూడా వింటానన్నట్టు గుర్తు ఉంది.

"చెవులు వినబడని మనిషి ఫోనులో విన్నాడా?"

"ఆయన... అన్నిటికీ తలూపారండీ," అంది పిల్ల ఏడుపుగొంతుతో.

రెండువందల తొమ్మిదిలో నూట ముప్ఫై ఒకటి వేలిముద్రలు. ఆ కట్ట చంకనపెట్టుకుని లిఫ్టక్క నాలుగుకి పోనిచ్చింది. తలుపు తీస్తే ఎదురుగా సూపరింటెండెంటే, మెట్లెక్కి చెమటలు కక్కుతూ. ఆమె కట్ట ఆయన బల్లమీద పెట్టి, జరిగిందంతా చెప్పింది. ఆయన మొదటి నాలుగు కాగితాలు తిప్పాడు.

"అంటే జనం అబద్ధం చెప్పారంటావు."

"మీరు ఎదురుగా కూర్చున్నారు గనక చెప్పారు."

"నిన్నే అడుగుతున్నారంటావు. అంటే మెమో ఇచ్చాక కూడా మాట్లాడుతూనే ఉన్నావన్నమాట."

"మూడేళ్ళూ. రోజూ."

"సంతోషం. అది కూడా రాయిస్తాను, ఈ అరగంట లిఫ్టు ఆపినదానితో కలిపి. నివేదిక అచ్చయింది, ఉత్తరువు వెళ్ళింది. బొత్తాలవాళ్ళు ఎల్లుండి వస్తారు." పిల్లవైపు తిరిగాడు. "ఏమ్మా, మీ నివేదికలో తప్పుందా?"

పిల్ల నేల చూసింది. "మా ప్రొఫెసరుగారిని అడగాలండీ."

లిఫ్టక్క దానివంక చూసిన చూపుకి పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. "అడుగు. ఆయన ఏ బోర్డు చూసి చెబుతాడో!"

ఒకటో తేదీన ఆమె సెల్లార్‌లోకి దిగింది. కిటికీ లేని గది, కప్పు దాకా ఇనుప అరలు, పాత కాగితాల వాసన, ఒక కుర్చీ. రెండు రోజులు ఎవరూ రాలేదు. పైన వెలుగుల బోర్డుల మీద అక్షరాలు చీమలబారులా పాకుతున్నాయని, జనం మెడలెత్తి చూసి ఎటువాళ్ళటు తప్పిపోతున్నారని ఊడ్చే మనిషి చెప్పింది. లిఫ్టక్క పళ్ళు నూరుకుంటూ ఫైళ్ళ దుమ్ము దులిపింది. ఆ దెబ్బలకు దుమ్ముతోపాటు ఒకటిరెండు అట్టలు కూడా ఊడాయి.

మూడోరోజు లిఫ్టు కిందికి దిగిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. మేస్త్రీ.

"అన్నిటికంటే కింది బొత్తాం నొక్కితే ఇక్కడికే వస్తుందట," అన్నాడు తల గోక్కుంటూ. "అక్కా, మావాళ్ళ గుర్తింపు కార్డుల గడువు..."

ఆమె నోరు తెరిచి, మూసింది. బల్ల సొరుగు లాగి స్టాంపు ప్యాడు, తెల్లకాగితం తీసింది. కాగితం నెత్తిన ముద్దముద్ద అక్షరాలతో రాసింది: "మేము సంగతులు రికార్డు గదిలోని లిఫ్టక్కను అడిగి తెలుసుకున్నాం." కింద తేదీ వేసింది.

"ముందు వేలు వెయ్యి. తర్వాతే చెబుతాను."

"అమ్మో! నీకు మళ్ళీ మెమో..."

"ఇస్తే ఇవ్వనీ. ఇంకెక్కడికి దింపుతారు? దీని కింద అంతస్తు లేదు. వేస్తావా, పోతావా?"

మేస్త్రీ వేశాడు. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి పద్దెనిమిది మందికీ తెలిసింది. సాయంత్రానికి ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు ఇద్దరు దిగారు. "ఇది మా పక్కింటావిడ కోసమక్కా" అంటే, "అయితే పక్కింటావిడ వేలు పట్టుకురా, లేకపోతే నీ వేలు వెయ్యి" అని కసిరింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని వేశారు. దర్జీ దంపతులు వేశారు. ఫోనుల పిల్లలు నవ్వుకుంటూ వేశారు. కొత్త లిఫ్టు ఎవరెక్కినా ముందు కిందికి దిగి, ఆ తర్వాతే పైకి పోయేది.

శనివారం శనివారం ఆ కాగితాలు కుట్టి టపాలో సూపరింటెండెంటుకి పంపేది, వచ్చిన కాగితాలు ఎక్కించే ఆవక రిజిస్టరులో నంబరు వేయించి మరీ. నంబరు పడిన కాగితాన్ని చింపే అధికారం ఆ భవనంలో ఎవరికీ లేదు. చదవాలి, సంతకం పెట్టాలి, భద్రపరచమని రాయాలి. భద్రపరిచేది రికార్డు గదిలో. అందుకని అవి మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చేవి, ప్రతి కట్ట మీదా ఆయన సంతకంతో.

ఆరో వారంలో కళ్ళద్దాల పిల్ల దిగింది. తలుపు దగ్గరే నిలబడింది.

"నేనిక్కడున్నానని ఎవరు చెప్పారు?" అంది లిఫ్టక్క తలెత్తకుండా.

"పైన ఒకాయన్ని అడిగానండీ."

"బోర్డు చూడలేదా?"

పిల్ల గుమ్మం దాటి లోపలికొచ్చింది. "మళ్ళీ మొదటినుంచి చేస్తానన్నానండీ. ప్రొఫెసరుగారికి కోపం వచ్చింది. అయినా చేస్తాను. ఈ కట్టలు ఒకసారి చూడనిస్తే..." అంది.

లిఫ్టక్క కుట్టని కాగితం ఒకటి ముందుకు తోసింది. "సూపరింటెండెంటు గది ఎక్కడని అడిగావు. ముద్ర ఎక్కడని అడిగావు. ఆడవాళ్ళ బాత్రూము ఎక్కడని అడిగావు. మూడు. ఒక్కటీ నీ లెక్కలోకి రాలేదు. ముందు నువ్వు వెయ్యి."

పిల్ల మొహం కందిపోయింది. సంచిలోంచి పెన్ను తీసింది.

"పెన్ను లోపల పెట్టుకో. వేలు."

పిల్ల బొటనవేలు ప్యాడు మీద అద్ది, దర్జీ వేలిముద్ర పక్కన, మేస్త్రీ వేలిముద్ర కింద నొక్కింది. ఒకసారి కాదు, మూడుసార్లు. తర్వాత నల్లబడ్డ వేలు గాల్లో పట్టుకుని తుడుచుకోవడానికి గుడ్డ కోసం చుట్టూ చూసింది.

"తుడవకు," అంది లిఫ్టక్క, మొదటి కట్ట తాడు విప్పుతూ. "కొత్త అనుమతి కాగితం మీద సంతకానికి నాలుగో అంతస్తుకి వెళతావుగా. ఆ వేలితోనే వెళ్ళు."